పికప్ ఇంజన్‌లో టకటక: నూజివీడు నుంచి ఆటోనగర్ దాకా నా అనుభవం

2025 మార్చి 10, సోమవారం ఉదయం మొక్కజొన్న బస్తాలు ఎక్కించుకోవడానికి బండి స్టార్ట్ చేసినప్పుడు ఇంజన్‌లోంచి అంతకుముందు ఎన్నడూ లేని చప్పుడు వినిపించింది. డీజిల్ బండికి చల్లగా ఉన్నప్పుడు సహజంగా వచ్చే గరగర అది కాదు. ఆ గరగరలోంచి విడిగా, లయ తప్పకుండా, ఎవరో లోపల కూర్చుని చిన్న సుత్తితో ఇనుము మీద కొడుతున్నట్టు టక్, టక్ అని వస్తోంది. ఐదు నిమిషాలు నడిపాక తగ్గింది కానీ పూర్తిగా పోలేదు.

నాది 2018 మోడల్, టన్నున్నర మోసే నాలుగు సిలిండర్ల డీజిల్ పికప్. 2022లో సెకండ్ హ్యాండ్‌లో ఫైనాన్స్ మీద తీసుకున్నాను. ఇంజన్ కామన్ రైల్ రకం, అంటే ఎక్కువ ఒత్తిడిలో ఉన్న ఒకే గొట్టం నుంచి అన్ని సిలిండర్లకూ డీజిల్ అందే రకం; మీటరు 1,84,000 కిలోమీటర్లు చూపిస్తోంది. నూజివీడు చుట్టుపక్కల తోటల నుంచి నున్న మామిడి మార్కెట్‌కు ఏప్రిల్, మే నెలల్లో తోలే కిరాయిలే మా ఇంటికి ఏడాది పొడవునా ఆధారం. కాబట్టి మార్చిలో ఇంజన్ చప్పుడు చేసిందంటే నాకు అది చప్పుడుగా కాక, కాయ కోతకు వచ్చే నాటికి బండి షెడ్డులో ఉంటుందేమోనన్న భయంగానే వినిపించింది.

మొదటి వారం గందరగోళంలో గడిచింది, ఎందుకంటే చప్పుళ్లు నిజానికి రెండు. లోడుతో గతుకుల్లో పోతుంటే కింద నుంచి ఇంకొక మోత వచ్చేది. మార్చి 13న ఊళ్లో మెకానిక్ బండి కిందికి దూరి, వెనక ఎడమవైపు షాక్ అబ్సార్బర్ కింది బుష్ పూర్తిగా అరిగిపోయి, లోపలి ఇనుప గొట్టం బోల్టుకు తగులుతోందని చూపించాడు. రెండువైపులా బుష్‌లు మార్చినందుకు 350 రూపాయలు అయింది, కింది మోత ఆగింది. ఇంజన్ టకటక మాత్రం అలాగే ఉంది. ఒక బండిలో రెండు మోతలు ఉన్నప్పుడు తేలికైనదాన్ని ముందు వదిలించుకోవడం ఎంత మేలో, ఆ తర్వాత ప్రతి మేస్త్రీ దగ్గరా నాకు తెలిసివచ్చింది; లేకపోతే ఒకరు ఒకదాన్ని, ఇంకొకరు రెండోదాన్ని విని నన్ను చెరొక దిక్కుకు పంపేవారు.

ఆ తర్వాత కొన్నాళ్లు చప్పుడు ఎలా ఉందన్నదాని కంటే ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు పోతోంది అన్నదాన్ని కాగితం మీద రాసుకుంటూ వచ్చాను. బండి నిలబెట్టి న్యూట్రల్‌లో యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ వేగంతో పాటు చప్పుడూ వేగం పుంజుకుంటోంది. అంటే వెనక ఇరుసు మధ్య గేర్లుండే హౌసింగ్, ప్రొపెల్లర్ షాఫ్ట్, చక్రాల బేరింగులు లెక్కలోకి రావు. క్లచ్ తొక్కినా, వదిలినా మార్పు లేదు. అంటే గేర్‌బాక్స్ మీద అనుమానం తగ్గింది. ఉదయం చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ, వేడెక్కాక తక్కువ. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు మళ్లీ ఎక్కువ. అన్నిటికంటే విచిత్రమైనది మరొకటి ఉంది. ఆగిరిపల్లి దారిలో రోడ్డు కాస్త పల్లంగా ఉన్నచోట మూడో గేరులోనే ఉంచి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు పూర్తిగా తీసేస్తే చప్పుడు కత్తితో కోసినట్టు ఆగిపోయేది. బండి వేగం బాగా తగ్గి, ఇంజన్ ఐడిలింగ్‌కు దగ్గరవుతుండగా తిరిగి మొదలయ్యేది. దాని అర్థం అప్పటికి నాకు తెలియదు గానీ రాసి పెట్టుకున్నాను. ఫోనులో రికార్డు కూడా చేశాను, అది ఎందుకూ పనికిరాలేదు: ఫోను మైకులో గరగర, టకటక అన్నీ కలిసిపోయి ఒకటే రొదగా వినబడతాయి. తర్వాత ఆటోనగర్‌లో దాన్ని వినిపిస్తే మేస్త్రీ నవ్వి ఫోను నా చేతికి తిరిగిచ్చేశారు.

మార్చి 18న వ్యవహారం ముదిరింది. విజయవాడ నుంచి తిరిగి వస్తూ హనుమాన్ జంక్షన్ దగ్గర ట్రాఫిక్ వల్ల ఆగినప్పుడు, డ్యాష్‌బోర్డు మీద ఎర్రటి ఆయిల్ బుడ్డి గుర్తు ఒకసారి మినుకుమని ఆరిపోయింది. యాక్సిలరేటర్ కొంచెం తొక్కగానే పోయింది, వదలగానే మళ్లీ వచ్చింది. ఆ సాయంత్రం నూజివీడులో ఇంజన్ పనికి పేరున్న ఒక మెకానిక్‌కు చూపించాను. ఆయన చప్పుడు విని, ఆయిల్ లైటు సంగతి విని, ఎక్కువసేపు ఆలోచించలేదు.

"బేరింగ్ పోయింది తమ్ముడూ. ఇంజన్ దించాల్సిందే. ఇప్పుడైతే లక్షలోపు తేలుతుంది, రేపు రాడ్డు బ్లాకు పగలగొట్టుకుని బయటికి వచ్చిందంటే ఆ లెక్క నన్నడగొద్దు" అన్నాడు.

క్రాంక్ గ్రైండింగ్, మెయిన్, బిగ్ ఎండ్ బేరింగులు, పిస్టన్లు, రింగులు, హెడ్ పని, కూలి అన్నీ కలిపి 95 వేలు అవుతుందని ఒక సిగరెట్ పెట్టె అట్ట మీద వేసి ఇచ్చాడు. ఇంజన్ దించి ఎక్కించడానికి, లేతు షాపులో వంతు రావడానికి కలిపి రెండు వారాలకు తక్కువ కాదన్నాడు. చూసినందుకు 300 తీసుకున్నాడు. ఆయన చెప్పినదాంట్లో తర్కం లేకపోలేదు. ఆయిల్ ప్రెషర్ పడిపోవడం, లోపల ఇనుము కొట్టుకోవడం రెండూ కలిస్తే ఏ మెకానిక్‌కైనా ముందు తోచేది పిస్టన్ రాడ్డు క్రాంక్‌ను పట్టుకునే చోట ఉండే బేరింగే. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నెల వాయిదా 12వ తేదీనే కట్టేశాను, వచ్చే నెల వాయిదా ఎదురుగా ఉంది, తోటల వాళ్ల దగ్గర అడ్వాన్సులు తీసుకుని ఉన్నాను. మా ఆవిడ ఏమీ అనకుండా బీరువా తాళం తెచ్చి మంచం మీద పెట్టింది. ఆ తాళం దేనికో ఇద్దరికీ తెలుసు కాబట్టి దాని గురించి మాట్లాడుకోలేదు.

మర్నాడు ఉదయం ఇంజన్ చల్లగా ఉండగా ఆయిల్ గేజి పుల్ల తీసి చూశాను. ఆయిల్ తగ్గి ఉంటుందేమో, అందుకే లైటు వస్తోందేమో అనుకున్నాను. తగ్గలేదు సరికదా, పై గీత దాటి వేలెడు పైన ఉంది. తుడిచి మళ్లీ ముంచినా అంతే. వేళ్ల మధ్య రుద్దితే ఉండవలసిన జిగురు లేదు, నీళ్లలా జారిపోతోంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే డీజిల్ వాసన. పాత దినపత్రిక మీద ఒక చుక్క వేస్తే మధ్యలో నల్లని మచ్చ నిలిచి, దాని చుట్టూ పలుచని జిడ్డు వలయం విస్తరిస్తూ పోయింది. ఇంజన్ ఆయిల్ తనంతట తాను పెరగదు. ఏదో ఒక సిలిండర్‌లో కాలవలసినంత కంటే ఎక్కువ డీజిల్ పడి, కాలకుండా మిగిలింది గోడల వెంట జారి అడుగున ఆయిల్ నిలిచే చాంబర్‌లోకి చేరుతూ ఉండాలి. అలా పలచబడిన ఆయిల్ వేడెక్కితే ప్రెషర్ నిలబడదు. బేరింగులు పూర్తిగా బాగున్నా లైటు వెలగవచ్చు.

ఇది తేలాక బండిని ఇంకొక్క కిలోమీటరు కూడా నడపకూడదని నిర్ణయించుకున్నాను. విజయవాడ ఆటోనగర్‌లో మా బంధువుల లారీలకు పని చేసే ఒక మేస్త్రీకి ఫోను చేస్తే, ముందున్న బండ్లు అయ్యాక 24వ తేదీన తెమ్మన్నారు. మా పక్కింటి అతను తన బండికి తాడు కట్టి లాక్కుపోదామన్నాడు గానీ నేను ఒప్పుకోలేదు: ఇంజన్ ఆగి ఉంటే బ్రేకుకు వాక్యూమ్ సాయం ఉండదు, పవర్ స్టీరింగ్ పనిచేయదు, హైవే మీద ముందు బండి సడన్‌గా ఆగితే మన బండిని ఆపడానికి రెండు కాళ్లతో తొక్కినా చాలదు. ఫ్లాట్‌బెడ్ మీద పంపడానికి 4,500 అయింది. ఆ వారం ఒప్పుకున్న మొక్కజొన్న కిరాయిలు వేరే బండ్లకు అప్పగించాను.

మార్చి 24న బండి ఆటోనగర్ చేరినా మేస్త్రీ చేయి పడింది 25 మధ్యాహ్నమే. రంజాన్ మాసం నడుస్తోంది. ఆయన ఉపవాసంలో ఉండి, మంచినీళ్లు కూడా ముట్టకుండా ఆ ఎండలో ఇంజన్ మీద వంగి పనిచేశారు. సాయంత్రం ఇఫ్తార్ వేళకు పానా కింద పెట్టేసేవారు, నమాజు అయ్యాక కావాలంటే రాత్రి మళ్లీ మొదలుపెట్టేవారు. రాసుకున్న కాగితం ఇస్తే మొదటి నుంచి చివరిదాకా చదివారు. పల్లంలో కాలు తీసేస్తే చప్పుడు ఆగిపోతోందన్న వాక్యం దగ్గర వేలు పెట్టి, "ఇది మీరు నిజంగా చూశారా, ఎవరైనా చెబితే రాశారా?" అని అడిగారు. చూశానన్నాను. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఈ రకం ఇంజన్లలో కంప్యూటర్ డీజిల్ కొట్టడమే ఆపేస్తుందనీ, బేరింగ్ వదులైతే డీజిల్ ఆగినంత మాత్రాన మోత అంత శుభ్రంగా ఆగదనీ, కాబట్టి తన అనుమానం నాజిల్ మీదనేననీ చెప్పారు. సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్‌ను ఆటోనగర్‌లో అందరూ నాజిల్ అనే అంటారు.

అయితే అనుమానం మీద ఏదీ విప్పలేదు. ముందుగా ఆయిల్ స్విచ్ విప్పి ఆ రంధ్రంలో ప్రెషర్ గేజి బిగించి, ఇంజన్ వేడెక్కనిచ్చి చూస్తే ఐడిలింగ్‌లో ప్రెషర్ చదరపు సెంటీమీటరుకు అర కేజీ కూడా లేదు. పాత ఆయిల్ మొత్తం దించి, ఫిల్టర్ మార్చి, కొత్త ఆయిల్ పోసి మళ్లీ చూస్తే కేజీ నాలుగు వందల దగ్గర నిలబడింది. రెండు వేల ఆర్‌పీఎం దగ్గర మూడున్నర కేజీలు చూపించింది. ముల్లు పైకి లేచి కదలకుండా నిలబడటం చూశాక, వారం రోజులుగా గొంతులో అడ్డం పడి ఉన్న 95 వేలు కొంచెం కిందికి దిగినట్టయింది. ఆయిల్‌కూ ఫిల్టర్‌కూ కలిపి 3,400.

తర్వాత ఒక పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్ మీద ఒక్కొక్క చోట ఆనించి, పిడిని చెవికి నొక్కి పెట్టుకుని విన్నారు. నాకూ వినిపించారు. మూడో సిలిండర్ మీద ఆనించినప్పుడు చెవిలో ఎముకకు తగిలినంత గట్టిగా వచ్చింది. ఇంజన్ నడుస్తుండగానే నాజిళ్ల కరెంటు సాకెట్లు ఒక్కొక్కటే ఊడదీశారు. ఒకటి, రెండు, నాలుగు తీస్తే ఇంజన్ కుంటింది కానీ టకటక పోలేదు. మూడు తీయగానే కుంటుతూనే టకటక లేకుండా నడిచింది. పాతకాలపు ఇంజన్లలో ఇదే పరీక్షను నాజిల్ పైపు నట్టు వదులు చేసి చేసేవారు. ఆ అలవాటుతో ఎవరైనా కామన్ రైల్ బండి మీద స్పానర్ పెడితే చేయి వెనక్కి లాగేయాలి: ఆ పైపుల్లో డీజిల్ వందల బార్ల ఒత్తిడిలో, తొక్కితే వెయ్యి బార్లు దాటి ఉంటుంది, సన్నని ధారగా చిమ్మితే చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

మేస్త్రీ కింద పనిచేసే కుర్రవాడు రిటర్న్ పరీక్ష కూడా పెట్టాడు. మందుల షాపులో కొన్న సెలైన్ గొట్టాలను నాజిళ్ల రిటర్న్ మూతులకు తొడిగి, నాలుగు ఖాళీ మంచినీళ్ల సీసాల్లోకి వదిలి, ఇంజన్ నడిపి, ఏ సీసాలో ఎంత డీజిల్ చేరిందో పోల్చి చూశాడు. నాలుగూ ఇంచుమించు ఒకే ఎత్తులో ఉన్నాయి. "నాజిళ్లు బాగానే ఉన్నాయి అన్నా" అని నాతో అన్నాడు కూడా. నా ప్రాణం మళ్లీ బేరింగ్ దగ్గరికి పోయింది. మేస్త్రీ మాత్రం, ఈ పరీక్ష నాజిల్ పైభాగంలోని వాల్వు కారుతోందో లేదో చెబుతుంది తప్ప కింది మొన సిలిండర్‌లోకి కారుతోందో లేదో చెప్పదని వివరించారు. చాలామంది ఈ సీసాల దగ్గరే ఆగిపోయి, నాజిళ్లు మంచివని తేల్చి ఇంజన్ దించుతారని ఆయన మాట.

సాకెట్ తీస్తే చప్పుడు పోయిందన్నదీ పూర్తి రుజువు కాదు, ఎందుకంటే మూడో బేరింగ్ వదులైనా ఆ సిలిండర్ మండకపోతే మోత చాలావరకు తగ్గుతుంది. అసలు రుజువు మూడో నాజిల్‌ను ఒకటో సిలిండర్‌లో, ఒకటోదాన్ని మూడులో పెట్టి చూడటం. చప్పుడు నాజిల్‌తో పాటు మారితే తప్పు నాజిల్‌ది, మూడులోనే ఉండిపోతే ఇంజన్‌ది. చెప్పుకోవడానికి సులువే గానీ మూడో నాజిల్ రాలేదు. ఏడేళ్ల మసి పట్టి హెడ్‌లో బిగుసుకుపోయింది. ఎక్కువ బలం పెడితే విరిగి, హెడ్ దించవలసి వస్తుందని, చుట్టూ తుప్పు వదిలించే స్ప్రే కొట్టి 26 రాత్రంతా నాననిచ్చారు. 27న పుల్లర్ తగిలించి, దాని బరువును పైకి కొడుతూ, కాసేపు ఆగి, మళ్లీ స్ప్రే కొట్టి, మళ్లీ లాగుతూ మధ్యాహ్నానికి బయటికి తీశారు. వచ్చినప్పుడు దాని అడుగున ఉండవలసిన రాగి వాషరు రాలేదు. అది లోపలే అతుక్కుని ఉంది. దాన్ని చూసుకోకుండా పైన కొత్త వాషరు వేసి బిగిస్తే నాజిల్ ఎత్తుగా కూర్చుని గ్యాస్ లీకవుతుందని, టార్చి వేసి, కొక్కెంతో దాన్ని తీసి నా అరచేతిలో పెట్టారు.

రెండు నాజిళ్లనూ తారుమారు చేసి బిగించాక హ్యాండ్ పంపు నొక్కి డీజిల్ ఎక్కించి స్టార్ట్ చేస్తే, చప్పుడు ఒకటో సిలిండర్‌లో కొట్టింది. నేను స్క్రూడ్రైవర్ పెట్టి విన్నాను. మూడు దగ్గర మామూలు గరగర, ఒకటి దగ్గర టక్, టక్. అంత చెడ్డ చప్పుడు విని అంత సంతోషించడం నా జీవితంలో అదే.

ఇక్కడి నుంచి పండగలు అడ్డం వచ్చాయి. 28 రంజాన్ మాసంలో చివరి శుక్రవారం, మధ్యాహ్నం దాకానే పని. ఎలాగూ విప్పారు కాబట్టి నాలుగు నాజిళ్లూ వాటిని పరీక్షించి బాగుచేసే పంపు షాపుకు తీసుకెళ్లాను. పరీక్ష చేసే బెంచి మీద వంతు రాలేదు. 30 ఆదివారం ఉగాది, 31 సోమవారం రంజాన్ పండగ. ఆటోనగర్‌లో ఆ రెండు రోజులూ షట్టర్లు లేవలేదు. ఈ లోపల 29, శనివారం నాడు మేస్త్రీ ఒక ప్రశ్న నా ముందు పెట్టారు. ప్రెషర్ బాగుంది కాబట్టి చాంబర్ విప్పకపోయినా నడుస్తుంది. కానీ కొన్నాళ్లు పలుచని ఆయిల్ మీద నడిచిన బండి, సీజన్‌లో మధ్యలో ఆగకూడదనుకుంటే ఒకసారి బేరింగులు కళ్లతో చూడటం మంచిది. విప్పమన్నాను. కొత్తగా పోసిన ఆయిల్‌ను శుభ్రమైన డబ్బాలోకి దించి, చాంబర్ తీసి, మూడో రాడ్డు క్యాప్ విప్పారు. బేరింగ్ చిప్ప మీద బూడిద రంగు పూత మెరుగెక్కి, రెండు మూడు సన్నని గీతలు పడి ఉంది; కింది రాగి పొర ఎక్కడా బయటపడలేదు. క్రాంక్ మీద గోరుతో గీస్తే ఎక్కడా తట్టుకోలేదు. గ్రైండింగ్ అక్కర్లేదు, స్టాండర్డ్ సైజు చిప్పలే చాలన్నారు. నాలుగు రాడ్లకూ సెట్టు 2,600. క్యాపులు ఒకదానిది ఒకదానికి మారకుండా, తిరగబడకుండా చుక్కలు పెట్టుకుని, బోల్టులను చేతి లెక్క మీద కాకుండా టార్క్ రెంచితో బిగించారు. నూజివీడు మెకానిక్ అన్నట్టు బేరింగ్ పోలేదు, కానీ ఇంకో నెల అలాగే తోలి ఉంటే ఆయన మాటే నిజమయ్యేది.

ఏప్రిల్ 1న నాజిళ్లు బెంచి ఎక్కాయి. ఒక్కోదానికి 400 చొప్పున 1,600. బెంచి నుంచి వచ్చిన కాగితంలో ఫుల్ లోడ్, ఐడిలింగ్, పైలట్, రిటర్న్ అని వరుసలు, పక్కన ఉండవలసిన కొలత, వచ్చిన కొలత ఉన్నాయి. ఒకటి, రెండు, నాలుగు అన్ని వరుసల్లోనూ హద్దులో ఉన్నాయి. మూడోది ఫుల్ లోడ్‌లో దాదాపు సరిగ్గానే ఉండి, పైలట్ దగ్గర మాత్రం ఉండవలసినదానికి ఇంచుమించు రెట్టింపు పోస్తోంది. పైగా కొట్టడం ఆపాక కూడా మొన దగ్గర చుక్క నిలిచి కారుతోంది. అసలు మంటకు ముందు కొద్దిగా డీజిల్ కొట్టి, సిలిండర్‌లో ఒత్తిడి మెల్లగా పెరిగేలా చేయడమే ఈ పైలట్ పని. అది ఎక్కువైతే అంతా ఒక్కసారిగా అంటుకుని పిస్టన్ మీద దెబ్బలా పడుతుంది. మనకు వినపడే టకటక అదే. పంపు షాపు పెద్దాయన మొన విప్పి, సూది కూర్చునే చోటును భూతద్దం కింద చూపించారు. చుట్టూ సన్నని మెరుపు గీత ఉండవలసిన చోట ఒకవైపు గరుకుగా చెక్కుకుపోయి ఉంది. డీజిల్‌లో కంటికి కనపడని నలుసు చాలు, ఇంతపని చేయడానికి అన్నారు.

కొత్త నాజిల్ వేస్తే 16 వేలు, బాగుచేసి పెట్టుకున్న ఇంకొకరి నాజిల్ మార్పిడికి తీసుకుంటే 8 వేలు, నా నాజిల్‌కే మొన, వాల్వు కొత్తవి వేస్తే 7,200 అని మూడు దారులు చెప్పారు. ఇంకొకరి నాజిల్ చరిత్ర నాకెందుకని మూడో దారి ఎంచుకుని, తీసిన పాత భాగాలు నాకే ఇవ్వాలని ముందే అడిగాను. అసలు కంపెనీ మొన స్టాకు లేక 3వ తేదీన వచ్చింది. ఆ రెండు రోజులూ హెడ్ మీద నాలుగు రంధ్రాలు తెరిచి ఉన్న నా బండి ఆటోనగర్ దుమ్ములో నిలబడి ఉంది. మేస్త్రీ వాటిలో శుభ్రమైన గుడ్డలు కుక్కి, పైపుల మూతులకు ప్లాస్టిక్ టోపీలు పెట్టకపోతే నేను అక్కడే కాపలా పడుకునేవాణ్ని.

4వ తేదీ మధ్యాహ్నం అన్నీ బిగించారు. రాగి వాషర్లు, రిటర్న్ గొట్టాల రబ్బరు రింగులు అన్నీ కొత్తవే, 480. స్టార్ట్ అయింది, టకటక చాలావరకు లేదు. కానీ ఇంజన్ నున్నగా లేదు. ఐడిలింగ్‌లో లేచి పడుతూ, మూడో దగ్గర అప్పుడప్పుడు చిన్నగా తడుతోంది. ఇంత ఖర్చు పెట్టాక ఆ చిన్న తట్టుడు మొదటి రోజు చప్పుడు కంటే ఎక్కువ బాధ పెట్టింది. మేస్త్రీ కంగారు పడలేదు. కామన్ రైల్ నాజిల్ ప్రతిదానికీ అక్షరాలు, అంకెలు కలిసిన ఒక కోడ్ ఉంటుందనీ, ఆ నాజిల్ ఎంత కచ్చితంగా కొడుతుందో ఇంజన్ కంప్యూటర్ అయిన ఈసీఎంకు చెప్పేది అదేననీ, బాగుచేశాక పంపు షాపు ఇచ్చిన కొత్త కోడ్ ఎక్కించనిదే ఈసీఎం పాత నాజిల్ లెక్కతోనే డీజిల్ కొట్టిస్తుందనీ అన్నారు. ఆయన దగ్గర స్కానర్ లేదు. స్కానర్ ఉన్న అతను వేరే వీధిలో ఉన్నాడు, మర్నాడు ఉదయం గానీ రాలేదు.

5వ తేదీ, శనివారం. అతను స్టీరింగ్ కింద సాకెట్‌కు వైరు తగిలించి, బెంచి కాగితం నా చేతికిచ్చి కోడ్ చదవమన్నాడు. సున్నాను అక్షరమనుకోకుండా రెండుసార్లు చదివించాడు. నాలుగు నాజిళ్ల కోడ్‌లూ ఏ సిలిండర్‌లో ఏది ఉందో సరిచూసి ఎక్కించి, కీ ఆపి, కాసేపు ఆగి, మళ్లీ స్టార్ట్ చేశాడు. ఐడిలింగ్ ముల్లు స్థిరపడింది. మేస్త్రీ స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకుని నాలుగు చోట్లా విని, ఏమీ అనకుండా నాకందించారు. నాలుగు చోట్లా ఒకే గరగర. స్కానర్‌కు 800 ఇచ్చాను.

మేస్త్రీ కూలి, నాజిల్ లాగడం, చాంబర్ విప్పడం అన్నిటికీ కలిపి 6,500, చాంబర్ సిలికాన్ వగైరా 350. షాక్ బుష్‌ల దగ్గర నుంచి ఫ్లాట్‌బెడ్ దాకా అన్నీ కూడితే 28 వేల చిల్లర తేలింది. ఇందులో ఫ్లాట్‌బెడ్, బేరింగుల సెట్టు తప్ప మిగతావి తప్పించుకోగలిగేవి కావు; ఆ రెండిటి మీద పెట్టిన డబ్బు కూడా నాకు బరువనిపించలేదు. పోయిన కిరాయిల లెక్క మాత్రం కాగితం మీద వేయలేదు.

బయల్దేరే ముందు మేస్త్రీ ఒక షరతు పెట్టారు: లోపలి మూలల్లో మిగిలిన డీజిల్ కొత్త ఆయిల్‌లో కలుస్తుంది కాబట్టి వెయ్యి కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టర్ మళ్లీ మార్చాలి, అప్పటిదాకా ప్రతి ఉదయం పుల్ల చూసుకోవాలి, పై గీత దాటితే ఫోను చేయాలి. ఏప్రిల్ మూడో వారంలో, నున్నకు బంగినపల్లి లోడ్లు మొదలయ్యాక, మరో 3,400 పెట్టి మార్పించాను. దించిన ఆయిల్‌లో డీజిల్ వాసన లేదు, పుల్ల మీద మట్టం మొదటి రోజు ఎక్కడుందో అక్కడే ఉంది. కోడ్ ఉన్న బెంచి కాగితాన్ని జిరాక్స్ తీయించి ఆర్‌సీ, ఎఫ్‌సీ కాగితాలతో పాటు బండిలోనే ఉంచాను. ఎప్పుడైనా ఈసీఎం మార్చవలసి వస్తే ఆ అంకెలు మళ్లీ కావాలి, బెంచి కాగితం మీది అచ్చు ఎండకు కొన్ని నెలల్లోనే వెలిసిపోతుందట.